పిడికిలి చప్పుడు

ఇబ్రహీం మేస్త్రి కలంకారీ అద్దకానికి కూర్చుంటే ఆ చప్పుడు బందరులో వాళ్ళ వీధి చివరిదాకా వినబడేది. రంగులో ముంచిన చెక్క అచ్చును గుడ్డమీద ఆనించి, పిడికిలితో దభీదభీమని గుద్ది, ఎరుపు వదలని వేళ్ళతో మీసం సవరించుకునేవాడు. పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన సుభానీ మాత్రం ఒంటి బరువంతా అచ్చుమీద మోపి, చప్పుడు లేకుండా నొక్కేవాడు. "గుద్దరా! ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళు వంగదు, తిండికి మాత్రం ముందుంటారు," అని మేస్త్రి రోజూ సణిగేవాడు. సుభానీ నవ్వి, మళ్ళీ మెల్లగానే నొక్కేవాడు.

ఒక మధ్యాహ్నం మేస్త్రి, గోడకవతల గదిలో పడుకున్న భార్య ఖైరున్ బీకి జావ తీసుకెళ్ళాడు. దివిసీమ ఉప్పెనలో పుట్టింటివాళ్ళందరూ కొట్టుకుపోయినప్పటి నుంచి ఆమెకు ఏ చప్పుడు విన్నా గుండెదడే.

"మీరు బజారుకెళ్ళినప్పుడే కాస్త కన్నంటుకుంటోందండీ. గోడ అదురుతోందా ఖాలా అని ఆ అబ్బాయి చేరిన రోజే అడిగాడు," అందామె.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా."

మేస్త్రి బల్ల దగ్గరికొచ్చి అచ్చు అందుకున్నాడు. మెల్లగా నొక్కుదామనే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా గుద్దిన చెయ్యి మాట వినలేదు. దభీమంది.

గోడకవతల మంచం కిర్రుమంది.