వరుస చివర బస్సు బొమ్మ

నరసరావుపేటలో ఏడేళ్ళ అఫ్రీన్‌కు వాళ్ళింటికి వెళ్ళి చదువు చెబుతాను. ఆటిజం ఉన్న పాప, మాటలు రావు. గోడకు వరుసగా బొమ్మల కార్డులు అంటిస్తే, ఒక్కొక్కటీ చూసి ఆ పని చేస్తుంది.

ఒక రోజు సంగతి. మర్నాడు పాప తల్లితో బస్సులో సత్తెనపల్లి వెళ్ళాలి. ముందే అలవాటవుతుందని ఆ రోజు వరుస చివర బస్సు బొమ్మ అంటించాను. తల్లి షబానా అక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి పాప లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ మీద బస్సు కార్డు కూడా లేదు.

బస్టాండు వీధి చివరే. నలుగురిలో గొంతు పెగలని నేను పాప పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తాను. కదలబోతున్న బస్సు కిటికీ పక్కన, చేతిలో కార్డుతో నిమ్మళంగా కూర్చుని ఉంది.

"ఏందమ్మా, పిల్లనొదిలేసి ఏడ తిరుగుతున్నావ్? ఇంకో నిమిషమైతే మాచర్లలో తేలేది!" అని కండక్టరు కసిరాడు. పాపను చెయ్యి పట్టి దించి ఇంటికి తీసుకొచ్చాను.

షబానా అక్కకు ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె పాపను ఒళ్ళోకి లాక్కుంది.

"దీన్నేమంటానమ్మా? నువ్వు చెప్పిందేగా చేసింది," అంది.

పాపకు నేను చెప్పేది అర్థం కావడం లేదని అంతవరకు డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో! ఆ సాయంత్రం పేజీ తెరిచాను గానీ ఒక్క అక్షరం రాయలేకపోయాను.