వెనక సీటు కోసం వెతికిన బండి

2023 ఏప్రిల్. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపిక్కల సీజన్ మంచి ఊపు మీద ఉంది. మా కొట్టుకి ఒక పక్క పిక్కల గోడౌను, ఇంకో పక్క టీ దుకాణం. నాది సెకండ్ హ్యాండ్ బళ్ల కొట్టు. మొదట్లో మెకానిక్‌ని మాత్రమే, తర్వాత అమ్మకం కూడా పెట్టుకున్నాను. ఇప్పటికీ నాకు అమ్మడం కంటే విప్పడమే ఇష్టం. నా దగ్గర కొన్న బండిని ఎవరూ నెల తిరక్కుండా తోసుకుంటూ రాకూడదన్నది నా పంతం. అందుకే నా కొట్లో అమ్మకాలు తక్కువ, వాదనలు ఎక్కువ అని మా ఆవిడ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట నిషేధం మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజన్ పడవలు రెండు నెలలు ఒడ్డునే ఉండాలి. ఉద్దానం తీరంలోని మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, మిగిలిన పనులు చక్కబెట్టుకోవడానికి పలాస వైపు వస్తూ ఉంటారు. అలా వచ్చాడు అక్కుపల్లి పోలయ్య. యాభై దాటిన మనిషి. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడి బిగిసిన ఒళ్లు. కొట్లో ఉన్న బళ్లన్నిటి చుట్టూ ఒకసారి తిరిగాడు. మైలేజీ అడగలేదు, రేటు అడగలేదు, హారన్ కూడా కొట్టి చూడలేదు. హారన్ కొట్టని కస్టమర్ని నేను అంతకు ముందు చూడలేదు.

"ఎలాంటి బండి కావాలి?" అన్నాను.

"ఏదైనా పరవానేదు బాబూ. మా ఇంటిదాన్ని పడెయ్యని బండి సూపించు," అన్నాడు.

టీ చెప్పి కూర్చోబెట్టాను. పోలయ్య నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పెళ్లయిన కొత్తలో, గుజరాత్ బోట్ల మీద పనిచేసి వచ్చిన డబ్బుతో ఒక పాత టూ స్ట్రోక్ బండి కొన్నాడట. అంటే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే పొగబండి. భార్య నీలమ్మని ఎక్కించుకుని టెక్కలికీ, సంతబొమ్మాళి చుట్టాలింటికీ తెగ తిరిగాడు. ఒకరోజు సంతబొమ్మాళి నుంచి వస్తుంటే ఆవిడ కొంగు వెనక చక్రంలో చిక్కుకుంది. రోడ్డు మీద పడిపోయింది. మోచెయ్యి విరిగింది. ఆ వారమే బండిని అడిగినవాడికి అడిగిన రేటుకి ఇచ్చేశాడు. ఇరవై ఏళ్లు కావస్తోంది, మళ్లీ హ్యాండిల్ ముట్టుకోలేదు.

"మరి ఇప్పుడెందుకు?"

"మా ఇంటిది మీ కాశీబుగ్గ మార్కెట్లోనే సేపలమ్ముతాది బాబూ. ఆటో నిండితే గాని కదల్దు. గంప సూసి పక్కోలు ముక్కు మూసుకుంటారు. ఇది ఒచ్చేతలికి మంచి బేరాలన్నీ ఎలిపోతన్నాయి. సముద్రం తెరిసేలోగా బండుంటే, పడవ దిగిన ఎంటనే నానే తెచ్చి దింపేత్తాను."

"ఆవిడకి చెప్పావా?"

"ఓలమ్మో! బండి పేరెత్తితే సాలు, మొకం మాడ్సుకుంటాది. సెప్తే ఒద్దంటాది. ముందు నాకు సేతనవుద్దో నేదో సూసుకుని, అప్పుడు సెప్తాను."

అతని భయం నాకు అర్థమైంది. పడ్డవాళ్ల కంటే పడేసినవాళ్లకే ఆ భయం ఎక్కువ కాలం ఉంటుంది. ఇలాంటివాళ్లని మా వ్యాపారంలో "రిటర్న్ రైడర్లు" అంటాం. ఒకప్పుడు తోలి, మానేసి, మళ్లీ బండెక్కేవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాడికంటే వీళ్లకి బండి చూడటం కష్టం. నేర్చుకునేవాడికి ఏమీ రాదని వాడికే తెలుసు. వీళ్లకి వచ్చిందంతా వేరే కాలానిది.

పోలయ్య అప్పటికే ఒక కొత్త బళ్ల షోరూమ్‌కి వెళ్లి వచ్చాడు. అక్కడి కుర్రాడు తళతళలాడే నూట అరవై సీసీ బండి చూపించాడట. దానికి ఉన్నది స్టెప్ సీటు. అంటే ముందు సీటు కింద, వెనక సీటు మెట్టులా పైన. "ఆ అటక మీద మా ఇంటిదాన్ని ఎలా కూకోబెట్టేది?" అని దిగి వచ్చేశాడు. కొత్త బండి తీసుకోవడంలో లాభం లేదని నేననను. వారంటీ ఉంటుంది, ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ ఆగే కాంబి బ్రేకు ఉంటుంది. కానీ చాలా ఏళ్ల తర్వాత తోలేవాడు మొదటి నెలల్లో ఎక్కడో అక్కడ బండిని గోడకి రాస్తాడు. కొత్త బండి మీద గీత పడితే మనసు విరిగి మూల పెట్టేస్తాడు. అందుకే మొదటి ఏడాది పాతదే మంచిదని నేను గట్టిగా చెబుతాను. నేను పాత బళ్లు అమ్ముకునేవాణ్ణి కాబట్టి నా మాటని కొంచెం తగ్గించుకుని వినండి.

తర్వాత గేరు సంగతి. పోలయ్య కాలికి గేర్లు కిందకి తొక్కడం అలవాటు. ఇప్పటి బళ్లలో చాలావాటికి ఒకటో గేరు కిందకి, మిగతావన్నీ పైకి. ఖాళీ రోడ్డు మీద ఏదైనా ఒకటే. ఎదురుగా గేదె వచ్చినప్పుడు మాత్రం కాలు పాత అలవాటు ప్రకారమే కదులుతుంది. కాబట్టి అన్నీ కిందకి తొక్కే గేర్ల బండే కావాలి. దాంతో కొట్లో సగం బళ్లు పక్కకి పోయాయి.

మిగిలినవాటిలో ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంది. ట్యాంకు మీద మన మొహం కనిపిస్తుంది. నేను చెప్పేలోపే పోలయ్య వంగి, సీటు కింద వేలుపెట్టి గీకాడు. ఎర్రటి పొట్టు రాలింది.

"ఇది మావోల బండే బాబూ. ఉప్పు తినేసింది," అన్నాడు.

నిజమే. తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా అని తీరంలో కుర్రాళ్లు నీటి అంచునే తోలేస్తారు. పైన పాలిష్ పెట్టొచ్చు గానీ చాసిస్, అంటే బండి వెన్నెముక, లోపల్నుంచి తుప్పు పట్టేస్తుంది. ఆ బండిని తుక్కు కింద ఇచ్చేద్దామని నేనూ అనుకుంటూనే ఉన్నాను. అప్పటి నుంచి ఇద్దరం వరస కలిపేసుకున్నాం. నేను బాబు పోయి బావనయ్యాను.

చివరికి టెక్కలి మేష్టారొకాయన వాడిన నూట పాతిక సీసీ బండి దొరికింది. ఒకే చేతి మీద నడిచింది. సీటు పొడుగ్గా, చదునుగా ఉంది. పోలయ్య కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. అన్నిటికంటే ముఖ్యంగా శారీ గార్డ్ ఉంది. వెనక చక్రానికి ఎడమ పక్క ఉండే కడ్డీల చట్రం అది. చీర చక్రంలోకి పోకుండా కాపాడుతుంది. స్టైలు చెడిపోతుందని కుర్రాళ్లు పీకి పారేస్తారు. నేను దాని వెనక పొడుగునా వల లాంటి జాలీ కూడా బిగించాను. చేపల ట్రే కోసం వెనక కారియర్ కట్టాను.

మా కొట్టు వెనక ఖాళీ జాగాలో పోలయ్య ప్రాక్టీసు మొదలెట్టాడు. ఒంటరిగా బాగానే తోలాడు. మూడోసారి వచ్చినప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. గోడౌన్లో అడిగి ఒక జీడిపిక్కల బస్తా తెచ్చాడు. ఎత్తి చూసి, కొన్ని పిక్కలు తీయించాడు. మళ్లీ ఎత్తి చూసి, ఇంకొన్ని తీయించాడు.

"ఏటి బావా, తూకమా?" అన్నాను.

"మా ఇంటిది ఇంత బరువుండదు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"ఇన్నేళ్లు కాపరం సేసినాను, తెల్దేటి?"

ఆ బస్తాని వెనక సీటు మీద పడవ తాళ్లతో కట్టాడు. అక్కడితో ఆగలేదు. ఇంట్లో పెట్టెలోంచి తెచ్చిన నీలిపూల చీర ఒకటి దానికి చుట్టాడు. కొంగు వదులుగా వేలాడదీశాడు. ఆ కొంగు చక్రంలోకి పోతుందో లేదో చూడాలి కదా! నాకు నవ్వొచ్చింది గానీ, వంగి తాళ్ల ముళ్లు సరిచూశాను. టీ దుకాణం వాళ్లు మాత్రం నవ్వే నవ్వు. "ఏటి బావా, అక్కని ఎక్కడికి తోల్తన్నావు?" అని కేకలు. పోలయ్య అటు తిరిగి చూడలేదు.

కొంగు చిక్కలేదు గానీ, మలుపు దగ్గర మాత్రం బండి ఊగిపోయేది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. సర్వీసు రోడ్డు మీద టెక్కలి వైపు కొంత దూరం పోయి వస్తున్నాడు, అయినా మలుపు వస్తే కాళ్లు దింపేస్తున్నాడు. "దీన్నే తిప్పలేకపోతన్నాను, దాన్నేటి తిప్పుతాను?" అని దిగులు పడేవాడు. సముద్రం తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఈ బేరం అయ్యేలా లేదని, ఈ మనిషి మళ్లీ బండి మానేస్తాడని నాకూ బెంగ పట్టుకుంది.

జూన్ మొదట్లో ఒక ఉదయం ఒకావిడ నడుముకి కొంగు బిగించుకుని నేరుగా కొట్లోకి వచ్చింది. చేతిలో ఖాళీ ఎండుచేపల గంప.

"అన్నియ్యా, అక్కుపల్లి పోలయ్య అనీ ఓ మనిషి ఇక్కడికే ఒత్తన్నాడట గదా?"

"ఔనమ్మా. మీరు?"

"ఆడి పెళ్లాన్ని. సర్వీసు రోడ్డు మీద ఎవులో ఆడమనిసిని ఎక్కించుకుని తిరుగుతన్నాడని మార్కెట్టంతా సెప్పుకుంటన్నారు. అది కట్టుకున్నది నా సీరేనట! ఎవులు అది?"

నేను నోరు తెరిచేలోపే రోడ్డు మీంచి బండి చప్పుడు వినిపించింది. పోలయ్య, వెనక నీలిపూల చీర. నీలమ్మని చూడగానే బండి ఆపేసి, దిగడం కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాడు. ఆవిడ దగ్గరకి వెళ్లి కొంగు ఎత్తి చూసింది. తాళ్లు చూసింది. బస్తాని వేలితో పొడిచింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. గంప మీద చతికిలబడి మరీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ ఉంటే, అందులో నవ్వు ఎంతో ఏడుపు ఎంతో మాకు తెలియలేదు.

"ఈ బస్తా నానేనా, మావా?"

"నిన్ను పడేత్తానేమోనని... నేర్సుకుంటన్నానే," అన్నాడు పోలయ్య, తల ఎత్తకుండా.

"దీన్ని దింపు."

తాళ్లు విప్పాడు. బస్తాని నేనే పక్కకి లాగాను. పడవ ఒడ్డుకి వచ్చినప్పుడు నీళ్లలోకి దిగే ఆడవాళ్లు కట్టుకున్నట్టు నీలమ్మ చీర ఎగ్గట్టి, గోచీ బిగించి, కొంగు నడుముకి చుట్టేసింది. కాలు ఎత్తి, చెరో పక్కా వేసుకుని కూర్చుంది. నెల రోజులుగా మేమిద్దరం పరీక్షించిన శారీ గార్డూ, నేను బిగించిన జాలీ రెండూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"నాకేదీ టోపీ?" అంది.

పోలయ్య ఒక్క హెల్మెటే తెచ్చుకున్నాడు. "నీ బస్తాకి తలకాయ నేదు గాబట్టి సరిపోయింది. నాకుంది," అని ఆవిడ దెప్పితే లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి ఇచ్చాను.

బండి కదిలింది. నేను మలుపు వైపే చూస్తున్నాను. పోలయ్య కాళ్లు దింపలేదు. ఇద్దరూ ఒకేసారి పక్కకి వాలారు, బండి శుభ్రంగా తిరిగింది. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి నాకు అప్పుడు తట్టింది. బస్తా మలుపులో వాలదు. మనం ఒక పక్కకి వంగుతుంటే అది నిట్టనిలువుగా వెనక్కి లాగుతుంది. మనిషి అయితే తోలేవాడితో పాటే వంగుతుంది. పోలయ్యకి బండి తోలడం రాక కాదు. సగం తోలుడు వెనక సీటులో జరగాలి, అది జరగలేదు. దూరం నుంచి నీలమ్మ గొంతు వినపడింది: "నాను బస్తాని కాదు మావా! కాస్త బేగి తోలు!"

తిరిగి వచ్చాక పోలయ్య మొహం వెలిగిపోతోంది. అయినా అడిగాడు.

"బయమేసిందేటే?"

"నాకా? నాకు బండంటే బయమని నీకెవులు సెప్పినారు?"

"మరి బండి పేరెత్తితే మొకం మాడ్సుకుంటావు గదే!"

"అమ్మేసినావనీ కోపం. సెయ్యి ఇరిగితే అతుక్కుంది. బండి మళ్లీ ఒచ్చిందేటి? నీ ఎనకాల కూకుని టెక్కలి ఎల్తంటే ఎంత బాగుండేదో నాకు. నువ్వే బయపడిపోయినావు, నీ మనసు కష్టపెట్టకూడదనీ ఊరుకున్నాను."

"ఒక్కసారైనా సెప్పినావు కాదు."

"ఒక్కసారైనా అడిగినావు కాదు."

నేను పని ఉన్నట్టు స్పానర్లు సర్దాను. బండి ఇచ్చాను. సముద్రం తెరిచిన వారంలోనే నీలమ్మ మార్కెట్‌కి పెందలాడే వచ్చి కూర్చోవడం చూశాను. సీటు గట్టిగా ఉందని నన్ను నిలదీస్తే స్పాంజి మార్పించాను కూడా. రెండేళ్లయింది, ఇప్పటికీ ఆ బండి నా దగ్గరకి ఆయిల్ మార్చడానికి తప్ప ఇంకో పనికి రాలేదు.

ఇంజన్లో చప్పుడు వింటే ఏం పాడైందో చెప్పగలను. కానీ ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు ఊరుకుని, తిరగాల్సిన ఊళ్లన్నీ ఆటోల్లో తిరిగేశారని నాకెలా తెలుస్తుంది? అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మళ్లీ బండెక్కుదామని వచ్చినవాణ్ణి మొదట అడిగేది సీసీ కాదు, మైలేజీ కాదు. వెనక ఎవరు కూర్చుంటారని అడుగుతాను. చాలామంది నవ్వేసి, "ఆవిడదేముంది, మనం ఏది కొంటే అదే ఎక్కుతుంది," అంటారు. "ఆ మాట ఆవిడ చేత చెప్పించు, తాళాలు అప్పుడిస్తాను," అంటాను. కొందరు విసుక్కుని పక్క కొట్టుకి పోతారు. పోనీ. కొందరు మాత్రం ఇంటికి వెళ్లి నిజంగానే అడిగి, ఆవిడని వెంటబెట్టుకుని వస్తారు. ఏ బండి కావాలో అప్పుడు నేను చెప్పక్కర్లేదు. ఆవిడే చెబుతుంది.