గద్దకు నేను రాసిన రెజ్యూమే

ఒకే ఒక్క కాగితంతో గద్ద ప్రాణం మీదికి తెచ్చిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసులతో నిండిన కుందలహళ్ళిలో మా ఇంటికి రండి, కాఫీ కూడా ఇస్తాను.

అప్పట్లో నా ఉద్యోగం ఇతరుల రెజ్యూమేలకు మెరుగులు దిద్దడం. రెండు నెలలు ఎక్సెల్ ముఖం చూసినవాణ్ణి నిపుణుణ్ణి చేసేయడం నాకు మంచినీళ్ళు తాగినంత పని. ఆదివారాలు మాత్రం డాక్టర్ సుజాత గారు నడిపే పక్షుల ఆశ్రయానికి వెళ్ళి బోనులు కడిగేవాణ్ణి. అక్కడే రాణి అనే గద్ద ఉండేది. గాలిపటం మాంజా దాని ఎడమ రెక్కను కోసేసింది. ఇక అది జన్మలో ఎగరలేదు.

రాణిని బడిపిల్లలకు చూపించి, మాంజా ఎంత పని చేస్తుందో చెప్పాలని సుజాత గారి ఆశ. దానికి అటవీ శాఖ అనుమతి కావాలి. కోలుకున్న పక్షినైతే వదిలేయాలి, వదిలితే బతకలేనిదాన్ని మాత్రమే ఉంచుకోనిస్తారు. ఇందులో అర్థం కానిదేమీ లేదు, నాకు తప్ప.

"దరఖాస్తు నువ్వే రాయి, నీకు అలవాటేగా" అన్నారావిడ. ఆ అలవాటే కొంప ముంచింది.

"చురుకైనది. సొంతంగా వేటాడగలదు. ఎగరడంలో విశేష అనుభవం. ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుంది" అని రాశాను. రాణి మీద ప్రేమకొద్దీ నాయకత్వ లక్షణాలు కూడా చేర్చాను. సుజాత గారు ఊరెళ్ళే తొందరలో చదవకుండానే సంతకం పెట్టేశారు. నేనే స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చాను.

వారం తిరక్కుండా అటవీ అధికారి వచ్చాడు. కోలారు వైపు పెద్దాయన. దరఖాస్తు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇంత బాగుండే పక్షిని ఎందుకప్పా బోన్లో పెట్టుండారు? ఈ పొద్దే వదిలేయండి."

సుజాత గారు నా వైపు చూశారు. ఆ చూపుకి నేను బోను ముందున్న నీళ్ళ తొట్టి వెనక్కి జరిగాను.

"సార్, అది ఎగరలేదు" అన్నాను.

"ఎగరడంలో అనుభవం ఉండాదని రాసుండారే?"

"అది వెనకటి అనుభవం సార్."

"సొంతంగా వేటాడుతుందంట?"

"గిన్నెలో కోడి ముక్కలేస్తే తనే నడిచొచ్చి తింటుంది సార్. రెజ్యూమేలో దాన్నే అట్లా రాస్తాం."

"అంటే మీ ఆఫీసుల్లో ఎవురికీ ఏమీ రాదా?"

దీనికి నిజం చెబితే సగం కుందలహళ్ళి ఖాళీ అవుతుందని తొట్టి అంచు తుడవడం మొదలుపెట్టాను.

"సరే, బోను తలుపు తీయండి. ఎగిరితే వదిలేద్దాము" అన్నాడాయన.

రాణి నాలుగు గజాలు ఎగిరినా బయటికి పంపేస్తారు. పంపితే పొద్దుగూకేలోగా ఏ కుక్కో నోట కరుచుకుపోతుంది. తలుపు తీశాక రాణి బోనులోని కొమ్మ మీంచి మమ్మల్నందర్నీ ఓసారి చూసింది. రెక్కలు విప్పింది. మరుక్షణం గంపలోంచి జారిన గుమ్మడికాయలా తిన్నగా ఆ నీళ్ళ తొట్టిలో పడింది. ఒళ్ళు విదిలించుకుని, తాపీగా నడిచొచ్చి, అధికారి బూటు లేసు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

ఒకరు చిత్తుగా ఓడిపోతే అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

"డాక్టరమ్మ తీసిన ఎక్స్‌రే పెట్టి, మళ్ళా రాసుకోని రాప్పా" అన్నాడాయన, లేసు విడిపించుకుంటూ. "ఈసారి దానికి ఏమేమి చేతకాదో అది రాయి."

ఆ ఒక్క పేజీకి నాకు మూడు రోజులు పట్టింది. ఎగరలేదు, వేటాడలేదు, ఒంటరిగా బతకలేదు అని రాస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది. అనుమతి మాత్రం వచ్చింది. ఇప్పుడు రాణి ముందు పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నారు.

అనుమతి వచ్చిన రోజే రాణి బోను మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. గద్ద గురించైనా మనిషి గురించైనా ఇకపై ఉన్నదున్నట్టే రాస్తాను. ఆ ఒట్టు ప్రకారం మొట్టమొదట రాసింది నా పెళ్ళి బయోడేటా. గురక, పలచబడ్డ జుట్టు, అన్నం వార్చడం కూడా రాకపోవడం, ఏదీ దాచలేదు. కాటన్‌పేటలో ఉండే మా అమ్మ దాన్ని ఆసాంతం చదివి, మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది తీసుకుపోయి ఆ ఆఫీసరుకే ఇయ్యప్పా. నిన్ను బయట వదిలితే బతకవని రాసిస్తాడు. ఇంట్లోనే పెట్టుకుంటాము."