దీనమ్మ సిస్టర్ ముట్టని పాము

గోరువెచ్చని సెలైన్ నీళ్లు ఎండిపోయిన గాజుగుడ్డ మీద పడగానే ఒక వాసన లేస్తుంది. కొంత తడిసిన నూలుది, కొంత మందుది, కొంత మనిషిది. కరీంనగర్‌లో నేను పనిచేసే దవాఖాన డ్రెస్సింగ్ గదిలో అది రోజూ ఉండే వాసనే. కిందటి వారం, నూనె ఒలికి చెయ్యి కాలిన ఒకామె నా ముందు కూర్చుని, పట్టీ ఎప్పుడు పీకుతానోనని కళ్లు గట్టిగా మూసుకుంది. నేను పీకలేదు. నీళ్లు పోసి, ఆమె పిల్లల సంగతులు అడుగుతూ కూర్చున్నాను. కాసేపటికి గుడ్డ దానంతట అదే వదులై పైకి తేలింది. ఆమె కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అని ఆశ్చర్యంగా చూసింది. ఆ తడి నూలు వాసనలో నాకు దీనమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, బిగించి కట్టుకున్న చిన్న ముడి, ఎప్పుడూ మోచేతుల దాకా కడిగినట్టుండే చేతులు. నన్ను నర్సును చేసింది కాలేజీ అని సర్టిఫికెట్ మీద ఉంటుంది. అది సగం నిజమే.

ఆరేళ్ల కిందట నేనూ, మా తమ్ముడు నవీనూ ఆమె ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లం. మాది హుస్నాబాద్ పక్క పల్లె. అవ్వ, బాపు అక్కడ పత్తి, మక్కలు వేసేవారు. నేను నర్సింగు చదువుకోవడానికీ, వాడు సెల్‌ఫోన్ల దుకాణంలో పనికీ పట్నం వచ్చాం. దీనమ్మ సిస్టర్ ఒక మిషన్ దవాఖానలో ఉద్యోగం మొత్తం డ్రెస్సింగ్ గదిలోనే గడిపి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజుల్లో వాకిట్లో కూర్చుని బైబిలు చదువుకోవడం, ఆ వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా చూసి మందు చెప్పడం, ఇదీ ఆమె జీవితం. ఆమెకు తెలియనిది ఒకటే. మేడ మీద మా గదిలో ఒక పాముందని.

అది నవీన్ ముచ్చటపడి తెచ్చుకున్న బాల్ పైథాన్. మన అడవులది కాదు, ఆఫ్రికా జాతి, విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటుంది, అందుకని వాడు దానికి లడ్డూ అని పేరు పెట్టాడు. సర్కారు దగ్గర నమోదు చేయించిన కాగితం గాజుపెట్టె వెనకే అంటించి ఉండేది. చలికాలం మొదట్లో వాడికి షార్జా వీసా వచ్చింది. పామును తీసుకుంటానన్న స్నేహితుడు వాళ్ల అమ్మ ఒప్పుకోలేదని చేతులెత్తేశాడు. "రెండు నెలలు చూడక్కా, ఎవరికన్న ఇప్పిస్త" అని చెప్పి నవీన్ విమానం ఎక్కాడు. దానికి చలి పెట్టకూడదని పెట్టె మీద బల్బు పగలంతా వెలిగించమన్నాడు. వెలిగించాను. నాకు తెలిసింది అంతే.

వాడు వెళ్లిన పది రోజులకు వార్డులో అది జరిగింది. చలిమంట దగ్గర చీర అంటుకుని తొడ కాలిన ఒక ముసలమ్మకు పట్టీ మార్చమని నాకు అప్పజెప్పారు. ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు. ఎండి అతుక్కుపోయిన పట్టీని నేను ఒక్క గుంజు గుంజాను. "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, ఇడువు!" అని ఆమె పెట్టిన కేక వార్డంతా వినబడింది. నెత్తురు నా వేళ్ల మీదుగా కారింది. స్టాఫ్ నర్సు నన్ను పక్కకు జరిపి తానే పట్టీ మార్చింది. నేను చేతులు కడుక్కుని గదికి వచ్చేశాను. మర్నాడు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. జ్వరమని కాలేజీకి చెప్పాను, ఇంటికి అసలేమీ చెప్పలేదు. ఆ పనికి నా చేతులు పనికిరావని నాలో నేనే తేల్చేసుకున్నాను.

అదే వారం లడ్డూ కళ్లు పాలు పోసినట్టు నీలంగా మారి, మళ్లీ తేటపడ్డాయి. అది కుబుసం విడిచే ముందు అలాగే అవుతుందని నవీన్ చెప్పి ఉన్నాడు. మేజోడు తీసినట్టు ఒక్కటిగా రావలసిన కుబుసం, దీనికి మాత్రం పాత గోడ సున్నంలా ముక్కలు ముక్కలుగా పగిలి ఒంటికి అతుక్కుపోయింది. తోక చివర ఉంగరంలా ఒక పొర బిగుసుకుంది. పాము కంటికి రెప్ప ఉండదు, గాజుబిళ్ల లాంటి పొర ఉంటుంది. కుబుసంతో పాటు అదీ ఊడాలి. రెండు కళ్ల మీదా ఊడలేదు. మసక కళ్లతో అది పెట్టె గోడలకు ముక్కు కొట్టుకుంటుంటే చూడలేక, కనుబొమలు తీసుకునే ప్లక్కర్ పట్టుకుని కూర్చున్నాను. వీపు మీద ఒక ముక్క పట్టి లాగాను. దాని కింద పచ్చి తోలు ఎర్రగా బయటపడింది. చిన్న నెత్తురు బొట్టు ఉబికింది. లడ్డూ ఒక్కసారిగా ముడుచుకుని ఉండైపోయింది. నేను ప్లక్కర్ పట్టుకునే ఏడుస్తున్నాను. ఈసారి కళ్ల పొర పట్టుకోబోతుండగా గుమ్మంలో కేక వినబడింది.

"యేసయ్యా! గదేంది?"

ఎండేసిన బట్టలు తీసుకోవడానికి మేడెక్కిన దీనమ్మ సిస్టర్. బట్టలు కింద పడేసి మూడడుగులు వెనక్కి పోయింది. ముఖం తెల్లబోయింది. దవాఖానలో పాము కరిచినవాళ్లను ఎంతమందిని చూసిందో ఆమెకే తెలుసు.

"ఎన్నొద్దుల సంది ఉన్నది గిది నా ఇంట్ల?"

"ఏడాది సంది, సిస్టరమ్మా. విషం లేదు. ఖాళీ జేస్త. రేపే ఖాళీ జేస్త."

ఆమె నా మాట వినడం లేదు. నా చేతిలో ప్లక్కర్‌ను, పాము వీపు మీది ఎర్రటి మచ్చను చూస్తోంది. ఆమె ముఖంలో భయం అలాగే ఉంది, దాని పక్కనే ఇంకేదో వచ్చి నిలబడింది. "ఎండిన పట్టీ గుంజినట్టు గుంజినవ్ గదనే" అంది మెల్లగా. "ఆ ప్లక్కర్ కింద వెట్టు. కండ్ల దిక్కు పోకు. నేను చెప్పేదాంక దాన్ని ముట్టకు."

ఆమె మెట్లు దిగిపోయింది. వీధి వాచ్‌మన్‌నో, పొరుగువాళ్లనో పిలుచుకొస్తుందనుకున్నాను. కాసేపటికి ఒక ప్లాస్టిక్ టబ్బు, కెటిల్‌లో కాచిన నీళ్లు, చింపిన పాత నూలు చీర పట్టుకుని వచ్చింది. వాటిని గుమ్మం దగ్గర పెట్టి కాలితో లోపలికి తోసింది. తాను బయటే నిలబడింది.

"ఇను బిడ్డా. నేను పామును ముట్ట. ప్రాణం పోయినా ముట్ట. తోలు సంగతి మాత్రం నాకు ఎర్కే. నేను చెప్త, నువ్వు చెయ్యి."

నీళ్లు మోచేతి మడతలో పోసుకుని చూసుకోమంది. చంటిపిల్లకు పోసేటంత వేడే ఉండాలంది. దాని తల నీళ్లకు పైనే ఉండేలా లోతు తక్కువ పెట్టించింది. లడ్డూను అందులో ఉంచి, నా చెయ్యి కిందనే ఆసరాగా పెట్టి కూర్చున్నాను. ఐదు నిమిషాలకే నేను "నానిందా?" అని అడిగితే, "నీకు తొందరున్నది, దానికి లేదు" అంది. అరగంటయ్యాక తడిపిన చీర ముక్కల మధ్య దాన్ని పాకనివ్వమంది. "నువ్వు గుంజకు. బట్టను జర వట్టుకో, గంతే. దాని తోలు అదే ఇడుస్తది." అది మెల్లగా పాకుతుంటే ఉల్లిపొరల్లాంటి ముక్కలు ఒక్కొక్కటే గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. నా వేళ్లు ఏమీ చేయలేదు, ఉన్నాయంతే. ఇట్లా మూడు రోజులు చేశాం. మూడో రోజు తోక చివరి ఉంగరం కూడా జారిపోయింది. కళ్ల మీది పొరలు మాత్రం అలాగే ఉన్నాయి.

"నాకు మనుషుల తోలే ఎర్క. కండ్ల సంగతి డాక్టర్‌ను అడగాలె" అని ఆమే పట్టుబట్టింది. పశువుల దవాఖాన డాక్టరు, తాను బర్లను, మేకలను చూసేవాణ్ణని దాచకుండా చెప్పి, హైదరాబాద్‌లో ఇలాంటి జంతువులను చూసే డాక్టరు నంబరు ఇచ్చాడు. ఆయన ఫోన్‌లో ఫోటోలు చూసి, వీపు మీది గాయానికి మందు చెప్పి, కళ్ల జోలికి మాత్రం పోవద్దన్నాడు. పెట్టెలో తడి పెంచండి, మళ్లీ కుబుసం విడిచేటప్పుడు వాటంతటవే రావచ్చు, కన్ను వాచినా, అప్పటికీ రాకపోయినా తీసుకురండి అన్నాడు. దీనమ్మ సిస్టర్ గుమ్మంలోంచే పెట్టెను పరీక్షగా చూసి, "పొద్దంత బల్బు వెట్టి గిన్నెడు నీళ్లు వెడితే తోలు ఎండకుంట ఏమైతది? నెల తక్కువ పిల్లలను పెట్టే ఇంకుబేటర్ల గూడ నీళ్ల తట్ట ఉంటది" అంది. బల్బును దూరం జరిపాం. పెద్ద నీళ్ల తొట్టి పెట్టాం. ఒక ప్లాస్టిక్ డబ్బాకు కంత కోసి, అందులో తడిపిన కొబ్బరి పీచు పరిచి లోపల ఉంచాం. లడ్డూ ఆ సాయంత్రమే అందులో దూరి పడుకుంది.

ఇక మిగిలింది ఎదురుచూడటం. ఐదు వారాలకు పైనే పట్టింది. లడ్డూ తిండి మానేసింది. ఒక రోజు ఎడమ కన్ను ఉబ్బినట్టు అనిపించి నేను మళ్లీ ప్లక్కర్ వెతికాను. దొరకలేదు. సిస్టర్ ఎప్పుడో కిందికి పట్టుకుపోయి దాచేసింది. రోజూ నాలుగింటికి రెండు గ్లాసుల్లో చాయ తీసుకుని మెట్లెక్కి వచ్చేది, గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చునేది. కాలేజీకి ఎందుకు పోవడం లేదని మొదటి వారం అడగలేదు. రెండో వారం నేనే చెప్పాను. ముసలమ్మ కేకతో సహా అంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. ఆమె చాయ తాగడం ఆపి, "ఆమె పేరేంది?" అంది.

నాకు తెలియదు. కేస్ షీటు మీద ఉండే ఉంటుంది, నేను చూడలేదు.

"పేరు తెల్వకుంటనే చెయ్యి వెట్టినవా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు గట్టిగా తగిలింది. తర్వాత ఆమె తన సంగతి చెప్పింది. కొత్తగా డ్రెస్సింగ్ గదికి వచ్చిన రోజుల్లో, భైంసాలో పత్తి జిన్నింగు మిల్లు మంటల్లో చేతులు కాలిన ఒక కూలీ ఆమె దగ్గరికి వచ్చాడట. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఆమె కూడా గుంజింది. అతను అరవలేదు, పళ్లు బిగబట్టి ఆమె ముఖం చూశాడంతే. ఆమె అతని ముందే ఏడ్చేసిందట. "మర్నాడు వేరే సిస్టర్ దగ్గర లైను ఖాళీగనే ఉండె. అయినా నా దగ్గరికే వచ్చిండు. 'ఎందుకొచ్చినవన్నా, అక్కడికి పోరాదే' అని నేనన్న. 'నిన్న నువ్వు ఏడ్చినవ్ గదమ్మా. ఇయ్యాల నువ్వే పైలంగ, మెల్లగ జేస్తవ్' అన్నడు." ఆ మాట చెప్పి, ఆమె ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని మెట్లు దిగింది.

లడ్డూ కళ్లు మళ్లీ నీలంగా మారినప్పుడు నాకు భయం పట్టుకుంది. మళ్లీ అలాగే అతుక్కుపోతే? "ఎవ్వలం దాని దగ్గరికి పోవద్దు. పీచు తడిగున్నదా చూడు, తలుపు దగ్గరికెయ్యి" అని సిస్టర్ నన్ను కింద తన ఇంట్లోకి లాక్కుపోయి చిక్కుడుకాయల ఈనెలు తీయించింది. తేటపడి మూడు రోజులు గడిచాయి. నాలుగో పొద్దున పెట్టెలో డబ్బా పక్కన తల నుంచి తోక దాకా ఒక్కటిగా ఉన్న కుబుసం, లోపలివైపు బయటికి తిరగబడి, తడి తడిగా పడి ఉంది. నేను దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని పరుగెత్తుకుంటూ మెట్లు దిగాను. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. పామును ముట్టనన్న మనిషి కుబుసాన్ని మాత్రం అరచేతిలోకి తీసుకుని, తల భాగాన్ని కిటికీ వెలుతురుకు పెట్టింది. "ఇగో ఇదొక బిళ్ల. దీని కిందనే ఇంకోటి. ఇటు సైడు గూడ రెండు. పాతయి, కొత్తయి, అన్ని వచ్చినయ్ బిడ్డా!" "దేవునికి స్తోత్రం" అని, వెంటనే నా వైపు తిరిగి, "మరి నువ్వెప్పుడు పోతున్నవ్ కాలేజీకి?" అంది.

నవీన్‌కు వీడియో కాల్‌లో లడ్డూ కళ్లు చూపించాను. నల్లగా, నీటి బొట్టులా మెరుస్తున్నాయి. వాడు అక్కడ గదిలో అందరినీ పిలిచి చూపించాడు. "అక్కా, ఇగ దాన్ని ఎవ్వలకియ్యకు" అన్నాడు. ఇవ్వలేదు.

కాలేజీకి తోడు రమ్మని సిస్టర్‌ను బతిమాలాను. "నేను రాను. నువ్వు దానికి నీళ్లు పోసిననాడు నేను ముట్టిన్నా?" అని గేటు దగ్గరే నిలబడింది. ఆ ఏడాది మళ్లీ చదవాల్సిందేనన్నారు, చదివాను. మొదటి రోజే వార్డుకు పోయి రిజిస్టరు తిప్పించి చూశాను. ఆ ముసలమ్మ పేరు లచ్చవ్వ. గాయం మాని ఇంటికి పోయిందని రాసి ఉంది. క్షమించమని అడిగే వీలు నాకు దొరకలేదు. ఆనాటి నుంచి పేరు అడగకుండా ఎవరి గాయం మీదా చెయ్యి పెట్టలేదు.

తర్వాత సిస్టర్ చెన్నూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. కిందటేడాది వానాకాలంలో నిద్రలోనే పోయింది. పోయే ముందు నెల చూడటానికి వెళ్లినప్పుడు, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. రోజూ వచ్చి కూర్చునేవారు కదా, కొన్నాళ్లకు పామంటే భయం పోయిందా అని. ఆమె నన్ను వింతగా చూసింది.

"భయం ఏడ పోతది బిడ్డా? రోజు మెట్లెక్కుతుంటే కాళ్లు వణుకుతనే ఉండె. నువ్వొక్కదానివే ఉన్నవని ఎక్కిన."

ఆ ఐదు వారాలూ ఆమె ధైర్యంగా వచ్చి కూర్చుంటోందనే నేను అనుకున్నాను. నాకు కూడా ఏదో ఒక రోజు అలాంటి ధైర్యం వస్తుందని, అప్పుడు మంచి నర్సునవుతానని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. అది రాలేదు. ఇప్పటికీ కొత్త గాయం కట్టు విప్పే ముందు నా అరచేతులు చల్లబడతాయి. అవి వెచ్చబడేదాకా ఆగడం మాత్రం మానేశాను. పేరు అడిగి, కుర్చీ మనిషికి దగ్గరగా జరుపుకుని కూర్చుంటాను.