రేకుపెట్టె మీది పేరు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒకాయన నా షేర్వానీ గుండీల మీది గుర్తు చూసి, "మన కాలేజేనా, తమ్మీ?" అన్నాడు. తనతో చదివినవాళ్ల కబుర్లు చెప్పాడు. ఒకాయన కరాచీ పోయాడట, ఇంకొకాయన వరంగల్‌లో వకీలట.

"మరి మీరు?"

"బడిల లెక్కలు చెప్త. ఇన్నేండ్లు ఉర్దూల చెప్పిన, ఇప్పుడు తెలుగుల చెప్పమన్నరు. ఇంట్ల మాట్లాడేది తెలుగే గని, రాసుడు ఇప్పుడే నేర్చుకుంటున్న."

నాకు చర్చి పాటల పుస్తకం పుణ్యాన చిన్నప్పుడే తెలుగు చదవడం వచ్చింది. ఆ మాటంటే, తన రేకుపెట్టె మీది దుమ్ములో వేలితో మెల్లగా రాసి, "తప్పుందా, జెర చూడు" అన్నాడు.

"ఎల్లమ్మ" అని చదివాను. వత్తులతో సహా సరిగ్గా ఉంది.

"మా అమ్మ పేరు."

బండొచ్చింది. కూలీ పెట్టెను తలకెత్తుకోబోతే వద్దని, పేరు చెరగకుండా రెండు చేతుల మీద మోసుకుపోయాడు.