పురుగు దూరని తోట

ఎలీసమ్మ టీచరుకి లోకం మీదున్న చులకనకి అంతు లేదు. బజారు కూరలంటే చులకన, వాటిని కొనేవాళ్ళంటే మరీ చులకన. రాజోలులో పిల్లలకి జీవశాస్త్రం చెప్పీ చెప్పీ రిటైరయ్యాక, పెరట్లో ఇనుప గొట్టాలు పాతించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పించి, చుట్టూ సన్నటి వల బిగించి ఓ బుల్లి గ్రీన్‌హౌస్ కట్టించుకుంది. గింజ విసిరేస్తే మొలిచే కోనసీమలో ఈ ముచ్చటేమిటని వీధిలో జనం ముసిముసిగా నవ్వారు. నవ్వేవాళ్ళంతా మందు కొట్టిన వంకాయలు తినే బాపతని ఆవిడ తేల్చేసింది.

దీనికంతటికీ మూలం పోయినేడు చర్చిలో జరిగిన కోత పండుగ. ఎవరి పంటలో తొలి ఫలం వాళ్ళు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఇప్పుడు పంటలెవరికున్నాయి గనక! అందరూ బజారు మీద పడి బుట్టలు నింపుకొస్తారు. పక్కింటి క్రిస్టీనా తెచ్చిన యాపిల్ పళ్ళకి స్టిక్కర్లు కూడా ఊడలేదు.

"ఏమ్మా క్రిస్టీనా, ఈ యాపిల్ చెట్టు మీ పెరట్లో ఏ మూలనుంది?" అంది ఎలీసమ్మ అందరి ముందూ.

క్రిస్టీనా మొహం మాడిపోయింది. "మీరు పండించి తెండి టీచరుగారండీ, కళ్ళకద్దుకుంటాం."

"ఆయ్, తెస్తాను. వచ్చే పండక్కి నా మట్టిలో కాసిందే తెస్తాను. లేదంటే ఉత్తచేతులతో వచ్చి ఆ వెనక బల్ల మీద కూచుంటాను."

ఆ మాటలో పంతం ఒక్కటే లేదు. వాళ్ళమ్మ బతుకంతా పరాయి చేలల్లో కోతలు కోసింది. కూలికొచ్చిన వడ్లలోంచే కాసిని కొంగున కట్టుకెళ్ళి ఇదే బల్ల ముందు పోసేది. సొంత నేల మీద కాసింది ఒక్కటీ పెట్టకుండానే కన్నుమూసింది. ఆ లోటు తీర్చాలని ఎలీసమ్మ ఆశ. అమ్మకి దోసకాయ పప్పంటే ప్రాణం కనక, దోసపాదే పెట్టింది.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికెళ్తే తడిమట్టి వాసన గుప్పుమనేది. వానపాముల ఎరువు తన చేత్తోనే పాదుకి వేసేది. తీగ దారాన్ని చుట్టుకుని పైకి ఎగబాకుతుంటే, మొదటిసారి అఆలు దిద్దిన పిల్లని చూసినట్టు మురిసిపోయేది. ఆ కాస్సేపూ ఎవరి మీదా చులకన ఉండేది కాదు. బయటికి రాగానే మళ్ళీ మొదలు.

పాదు విరగబూసింది. పువ్వు వెనక గోలీకాయంత పిందె. చూస్తుండగానే పిందెలు వాడిపోయి రాలిపోయాయి. మళ్ళీ పూసింది, మళ్ళీ రాలాయి. విత్తనాలమ్మినవాడు దొంగ అంది. ఫోనులో తోటపని పాఠాలు చెప్పే కుర్రాడు శుద్ధ మొద్దు అంది. తప్పు తనవైపుందేమోనన్న అనుమానం మాత్రం ఆవిడ గుమ్మం తొక్కలేదు.

అలాంటప్పుడు దొరికిపోయాడు భర్త ఏసుదాసు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మెతక మనిషి. ఓ పొద్దున్న నీళ్ళు పెట్టడానికెళ్ళి, తలుపు బార్లా తీసి వదిలేసి, వసారాలో పేపరు చదువుకుంటూ మధ్యాహ్నం దాకా మరిచిపోయాడు.

"బుద్ధుందా అండీ మీకు? దోమ కూడా దూరకుండా నేను వల కట్టిస్తే, మీరు పురుగులకి తలుపులు తీస్తారా? మళ్ళీ ఇందులో అడుగెట్టేరంటే ఊరుకోను!"

గోడవతల క్రిస్టీనా అన్నీ వింటోంది. ఏసుదాసు తలొంచుకున్నాడు. ఆ రోజు నుంచి బయటే నిలబడి వలలోంచి పైపుతో నీళ్ళు కొట్టేవాడు. ఎలీసమ్మ అయితే విసిగిపోయి లోపలికెళ్ళడమే మానేసింది.

పండుగ ముందురోజు పాదు పీకి పారేద్దామని వెళ్ళింది. మొదలు పట్టుకుని లాగబోతే, తలుపు పక్కన ఎరువు డబ్బా వెనక ఏదో బరువుగా తగిలింది. ఆకులు తప్పించి చూసింది. నిండుగా పండిన దోసకాయ. ఒకే ఒక్కటి, సరిగ్గా తలుపు దగ్గర.

ఎలీసమ్మ అక్కడే మట్టిలో చతికిలబడింది. వల బయట ఓ తేనెటీగ జుయ్యిమంటూ దారి వెతుక్కుంటోంది. ఏళ్ళ తరబడి పరాగసంపర్కం పాఠానికి బోర్డు మీద ఆవిడ గీసిన బొమ్మ అదే, పువ్వూ తేనెటీగా. పువ్వు గీసి తేనెటీగని మరిచిపోయిన పిల్లలకి మార్కు కోసేసేది కూడా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు దోసకాయ తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టింది. అమ్మ వడ్లు పోసిన చోటే పెట్టి, కళ్ళు తుడుచుకుంది. కానుక పెట్టినవాళ్ళు సంఘానికి ఓ మాట చెప్పాలి.

"ఇది నేను పండించింది కాదండి. మా ఆయన పండించేరు."

"ఆయ్, ఏం ఎరువేసేరేంటండీ?" అంది క్రిస్టీనా వెటకారంగా.

"తలుపు తీసేరు. నేనేమో తేనెటీగల్ని బయటకి గెంటేసి, ఆయన్ని తిట్టేను."

చర్చంతా గొల్లుమంది. క్రిస్టీనా అందరికంటే గట్టిగా నవ్వింది. ఎలీసమ్మ వెళ్ళి వెనక బల్ల మీద కూచుంది.

ఇంటికెళ్తుంటే ఏసుదాసు దారిలో టక్కున ఆగిపోయాడు.

"ఎలీసమ్మా, పొద్దున్న నీళ్ళు కొట్టేక ఆ తలుపు సరిగ్గా వేసుందో లేదో చూసుకోలేదే," అన్నాడు పాత అలవాటు కొద్దీ భయంగా.

"వేసే ఉందండి," అంది ఎలీసమ్మ. "బయల్దేరేముందు నేనే వెనక్కెళ్ళి తీసొచ్చేను."