దొరగారి కంటే ముందు వచ్చినావిడ

మా ఊరి గుడి చరిత్ర నేను మొదట విన్నది పడవలో. కొల్లేరు అంచున లంక ఊరు మాది. వానాకాలంలో రోడ్డు మునిగితే, పక్క లంకలో ఆరాధన జరిపించడానికి నాన్న పడవ మీద వెళ్లేవారు. వారమంతా మిషన్ బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం పాస్టరుగారు లేని ఊళ్లలో వాక్యం చెప్పేవారు. బైబిలు తడవకుండా కండువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పేవారు. ఒక తెల్లదొర ఇదే నీళ్ల మీద పడవలో వచ్చాడు. గట్టు మీద నిలబడి ప్రసంగించాడు. ఆ సాయంత్రానికే మా పేటంతా నమ్మి బాప్తిస్మం తీసుకుంది. దొరగారు దిగిన చోటు ఇదేనని నాన్న ఒక గట్టు చూపించేవారు. ప్రతిసారీ అదే గట్టు కాదని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.

చదువు అయ్యాక తాడేపల్లిగూడెంలో హైస్కూలు సోషల్ టీచరుగా స్థిరపడ్డాను. కొన్నేళ్ల కిందట మా గుడి వార్షికోత్సవానికి సంఘ పెద్దలు చిన్న చరిత్ర పుస్తకం వేయాలనుకుని, రాసే పని నాకు అప్పజెప్పారు. నాన్న సంబరపడ్డారు.

"రాయడానికేముందమ్మా. నేను చెప్తాను, నువ్వు రాసుకో" అన్నారు.

అలాగే రాసుకున్నాను. ఆ వారంలోనే మా స్కూలు స్టాఫ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఈ ప్రాంతంలో క్రైస్తవులంతా కరువులో గింజల కోసం మతం మారినవాళ్లేనని అందులో ఉంది. పంపినావిడ రోజూ నాతో కూర్చుని అన్నం తినే టీచరే. ఏదీ చదవకుండా ముందుకు పంపేసే అలవాటు ఆవిడది. జవాబు రాద్దామని ఫోను తీశాను. రాసి చెరిపేశాను. నా దగ్గర ఉన్నదల్లా నాన్న చెప్పిన కథే.

అప్పుడు ఏలూరు వెళ్లి, డిగ్రీలో నాకు హిస్టరీ చెప్పిన మాస్టారిని కలిశాను. రిటైరై కాలువ గట్టు దగ్గర ఉంటున్నారు. పూజ కానిదే కాఫీ ముట్టరాయన. వరండాలో కూర్చుని నేను రాసిందంతా ఓపిగ్గా చదివారు.

"బాగా రాశావమ్మా. కానీ ఇది సాక్ష్యం. మీ గుడిలో లేచి నిలబడి చెప్పుకుంటారు చూడు, అలాంటిది. చరిత్ర నువ్వింకా మొదలుపెట్టలేదు."

నాకు మనసు చివుక్కుమంది. ఫోనులో ఆ మెసేజ్ తీసి చూపించాను.

"ఇది సాక్ష్యం కూడా కాదు. ఎవరు రాశారో లేదు, ఎలా తెలిసిందో లేదు" అన్నారు.

"మరి దేన్ని నమ్మమంటారండీ?"

"నమ్మడం తర్వాత. ముందు అడుగు. రాసినాయన ఎవరు, అక్కడ ఉన్నాడా, ఎవరు చదవాలని రాశాడు? నీకు నచ్చినదాన్ని మరీ గట్టిగా అడుగు."

మిషన్ వాళ్లు తమ దేశానికి పంపుకున్న పాత రిపోర్టులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మాస్టారు వెతికిపెట్టారు. శనివారాలు ప్యాసింజరు ఎక్కి ఏలూరు వెళ్లి, ఆయన కంప్యూటరు ముందు కూర్చుని చదివేదాన్ని. మాస్టారి భార్య మధ్యమధ్య పెసరట్లు తెచ్చి పెట్టేవారు. దొరగారు రాసింది అక్కడ మిషన్‌కు చందాలిచ్చేవాళ్ల కోసం. అందుకని తన కష్టాన్నీ గెలుపునూ కాస్త పెద్దవి చేసే రాశాడు. అయినా తన గొప్పకు పనికిరాని సంగతులు కూడా కొన్ని దాచకుండా రాశాడు. పేట పెద్దలు తనను కొన్నేళ్లు తిప్పించుకున్నాకే బాప్తిస్మానికి ఒప్పుకున్నారట. తాను వచ్చేనాటికే అక్కడి ఆడవాళ్లకు క్రైస్తవ పాటలు వచ్చట. అంతకుముందు ఒక తెలుగు స్త్రీ వచ్చి వాళ్లకు నేర్పిందని ఒక్క వాక్యం రాసి, వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. ఆవిడ పేరు రాయలేదు.

కరువు సంగతీ ఉంది. గింజలు పంచిన మాట నిజం. అప్పటికే నమ్మినవాళ్లూ తీసుకున్నారు, ఆ తర్వాత గుడి గడప తొక్కనివాళ్లూ తీసుకున్నారు. ఆ పేజీ దగ్గర నేను ఆగిపోవడం మాస్టారు చూశారు.

"ఇది వదిలెయ్యకూడదమ్మా" అన్నారు. కాసేపటికి మళ్లీ ఆయనే, "మీ నాన్నగారి కథలోనూ ఫోనులో కథలోనూ లోపం ఒకటే. ఒకదాంట్లో మీవాళ్లు దొర మాట వింటారు, ఇంకోదాంట్లో దొర గింజలు తీసుకుంటారు. ఆలోచించే మనిషి రెండింట్లోనూ లేడు" అన్నారు.

ఇదంతా నాన్నకు చెప్పిన రోజు ఆయన భోజనం మధ్యలో చెయ్యి ఆపేశారు.

"ఇన్నేళ్లూ గుడిలో నేను చెప్పింది అబద్ధమంటావా?"

"అబద్ధం కాదు నాన్నా. మీకు చెప్పినవాళ్లు ఎలా చెప్పారో అలాగే చెప్పారు."

కొన్నాళ్లు ఫోను చేసినా అమ్మే తీసింది. తర్వాత ఒక ఉదయం ఆయనే ఫోను చేశారు. తన పెదనాన్న భార్య, పెద్దమ్మ ఒకావిడ గణపవరంలో కూతురి దగ్గర ఉంటోందని, ఆవిణ్ణి అడుగుదామని అన్నారు. "ఆవిడ కాదంటే నువ్వూరుకోవాలి మరి" అని షరతు పెట్టారు.

బస్సులో వెళ్లాం. మామ్మ వసారాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెవులు సరిగ్గా వినపడవు. నాన్న దగ్గరగా వంగి, దొరగారు వచ్చిన రోజు గురించి అడిగారు.

"దొర సంగతి నాకేం తెలుసబ్బాయ్. మా అత్తగారు ఒకావిడ గురించి చెప్పేది. మొగుడు పోయినావిడంట. గంపలో పుస్తకాలెట్టుకుని తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చేదంట. ఊడ్పులప్పుడు మనాళ్లతోపాటు చేలో దిగి నాట్లేస్తా పాటలు నేర్పేదంట. కొల్లేరు మీద నడిచొచ్చిందని కూడా అనేవారు."

"పేరేంటి పెద్దమ్మా?"

"పేరెట్టి ఎవరు పిలుత్తారు? పాటలావిడ అనేవారంట."

నాన్న ముఖం చిన్నబోయింది. ఆ అత్తగారు ఆయన సొంత నాయనమ్మ. "మరి నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నారు.

"నువ్వు గుళ్లో మగాళ్లతో ముందు వరసలో కూచునేవోడివి. ఇయ్యన్నీ చేలో ఆడాళ్లు చెప్పుకునే మాటలు" అంది మామ్మ.

తిరుగు బస్సులో చాలాసేపు చేపల చెరువులు చూస్తూ కూర్చున్నారు నాన్న. ఉంగుటూరు దాటాక, "పేరు లేకుండా ఎలా రాస్తావమ్మా?" అన్నారు.

"తెలియదని రాస్తాను నాన్నా."

మామ్మ మాట మాస్టారికి చెబితే చాలా సంతోషించారు. సముద్రం అవతలివాళ్ల కోసం రాసిన కాగితం, చదువురాని మామ్మ విన్న మాట, రెండూ ఒక మనిషినే చూపిస్తున్నాయి కాబట్టి ఆవిడ వచ్చిందనే అనుకోవచ్చన్నారు. కొల్లేరు మీద నడిచిన మాట తీసేస్తానన్నాను.

"ఎందుకు తీసేస్తావు? ఉంచు. అలా చెప్పుకునేవారని మామ్మ చెప్పిందని రాయి" అన్నారు.

వార్షికోత్సవం నాడు పుస్తకం పంచాక నాన్న లేచారు.

"ఇన్నాళ్లూ మీకు చెప్పిన కథ కొంత సరిదిద్దుకోవాలండీ. దొరగారు మంచాయనే. ఆయన రాసిపెట్టబట్టే మనకీ సంగతి తెలిసింది. కానీ ఆయన కంటే ముందు ఒకావిడ వచ్చారు. ఆవిడ పేరు మనం నిలుపుకోలేకపోయాం" అన్నారు. కరువు గింజల మాట కూడా ఆయనే చెప్పారు.

ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నాన్న దగ్గరకొచ్చి, "పండగ పూట ఇవన్నీ ఎందుకండీ మాస్టారూ" అన్నారు నొచ్చుకుంటూ.

"పండక్కి కాక ఎప్పుడొస్తారండీ అందరూ" అన్నారు నాన్న. ఆ పెద్దాయన తృప్తి పడలేదు. పుస్తకం మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లారు.

మా స్టాఫ్‌రూములో ఆ మెసేజ్ పంపిన టీచరుకు ఒక కాపీ ఇచ్చాను. మర్నాడు అన్నాల దగ్గర, "గింజల సంగతి మీరే రాశారేంటండీ?" అంది.

"జరిగింది కదండీ" అన్నాను.

ఆవిడ కూర గిన్నె నా వైపు జరిపి, "చూడకుండా పంపేశానండి" అంది.

పుస్తకం అయిపోయినా నాన్నకు ఆ ధ్యాస వదల్లేదు. ఇంకో ఊరి గుడి గురించి, ఇంకో ముసలాయన గురించి ఎవరో ఒకరు చెప్పేవారు. సెలవు రోజున ఇద్దరం బయల్దేరేవాళ్లం. దెందులూరు వైపు, తణుకు వైపు ఎన్ని ఊళ్లు తిరిగామో. ఎవరేం చెప్పినా నాన్న మెత్తగా, "మీరు చూశారాండీ, విన్నారాండీ?" అని అడిగేవారు. వచ్చేటప్పుడు గూడెం స్టేషన్లో టీ తాగుతూ ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో వాదించుకునేవాళ్లం. ఒక్కోసారి ఆ వాదనలో పడి ఎక్కాల్సిన బండి కళ్ల ముందే వెళ్లిపోయేది. ఆయన నవ్వి, ఇంకో టీ చెప్పేవారు.

ఇప్పుడు నాన్న లేరు. చిన్నప్పటి నుంచీ ఆయన చెబుతుంటే నేను విన్నాను. ఆ తిరిగిన రోజుల్లోనే మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.